మాటలతో కట్టిన గుహ

పొడుపు కథ వినని బాల్యం తెలుగునాట అరుదు. వేసవి రాత్రి ఆరుబయట మంచంమీద కూర్చుండి అవ్వ ఒక పొడుపు వేస్తుంది. పిల్లలు తలలు బద్దలు కొట్టుకొంటారు. ఓడిపోయినామని ఒప్పుకొన్న తరువాత ఆమె దానిని విప్పి చెబుతుంది. అప్పుడు పిల్లల నోట రెండు మాటలలో ఏదో ఒకటి వస్తుంది. “అయ్యో, ఇంతేనా! మాకెందుకు తట్టలేదు?” అన్నది ఒకటి. “ఇది అన్యాయం, ఇట్లా అయితే ఎవరికి తెలుస్తుంది?” అన్నది రెండవది. మొదటి మాట వచ్చినదంటే పొడుపు మంచిది. రెండవ మాట వచ్చినదంటే లోపం పిల్లలలో లేదు, పొడుపులోనే ఉన్నది.

ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చును. కాని దానిని స్పష్టంగా గుర్తించి నియమాలుగా వ్రాసుకొనడానికి కంప్యూటరు ఆటలలో ఒక శాఖకు సుమారు ఇరవై సంవత్సరాలు పట్టినది. ఆ శాఖ వచన సాహసక్రీడ. అందులో మొదట బొమ్మలు లేవు, చప్పుళ్లు లేవు. యంత్రం ఒక చోటును మాటలలో వర్ణిస్తుంది. ఆడేవారు “ఉత్తరం వెళ్లు”, “దీపం తీసుకో” వంటి ఆజ్ఞలను అక్షరాలలో కొట్టి ఇస్తారు. యంత్రం వాటి ఫలితాన్ని మళ్లీ మాటలలోనే తెలుపుతుంది. కథ ఇట్లా ప్రశ్నోత్తరాలుగా సాగుతుంది. దారికి అడ్డంగా తాళం వేసిన తలుపో, పామో, చీకటో ఎదురవుతుంది. దానిని దాటడానికి బుద్ధి ఉపయోగించవలెను.

కనుక ఈ క్రీడకు రెండు అంగాలు ఉన్నవి. ఆ చోట నిజంగా నిలుచున్నామనిపించే వాతావరణం ఒకటి, ఆడేవారి తెలివికి పరీక్ష పెట్టే చిక్కు రెండవది. ఈ రెండింటికి పొత్తు ఎట్లా కుదిరినదో, ఎక్కడ చెడినదో తెలిపేదే ఈ క్రీడల చరిత్ర. అది ఒక నిజమైన గుహలో మొదలైనది.

కెంటకీ గుహలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహ అనే సున్నపురాతి గుహ ఉన్నది. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ నీరు లక్షల సంవత్సరాలు ఇంకి, పారి, సున్నపురాతిని కరగించి అక్కడ సొరంగాలను తొలిచినది. 1972 సెప్టెంబరు 9వ తేదీన ఆరుగురు అన్వేషకులు పక్కనే ఉన్న ఫ్లింట్ రిడ్జ్ గుహలలోనుంచి బయలుదేరి, ఇరుకు దారులను, నీటిని దాటుకొని మామత్ గుహలోకి చేరినారు. రెండూ ఒకే గుహ అని ఆనాడు రుజువైనది. నేటికి కొలిచినంతవరకు దాని సొరంగాల మొత్తం పొడవు 420 మైళ్లకు పైగా ఉన్నది. ప్రపంచంలో ఇంతకన్న పొడవైన గుహ తెలియదు.

ఆ ఆరుగురిలో పాట్రీషియా క్రౌథర్ ఒకరు. ఆమె భర్త విల్ క్రౌథర్ కూడా గుహాన్వేషకుడే. అతని వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయడం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి నగరంలో బోల్ట్, బెరానెక్, న్యూమన్ అనే సంస్థలో అతడు పనిచేసినాడు. నేటి ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్టులో సందేశాలను ఒక చోటినుంచి మరొక చోటికి పంపే యంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసినవారిలో అతడొకడు. గుహలో టేపుతోను, దిక్సూచితోను తీసిన కొలతలను కంప్యూటరుకు ఇచ్చి ఈ దంపతులు గుహాపటాలు గీయించేవారు.

గుహాపటానికి మూలమైన లెక్కల పట్టికను ఒకసారి ఊహించుకొనండి. ఈ గుర్తునుంచి ఆ గుర్తుకు ఇన్ని అడుగులు, ఈ దిక్కుకు, ఇంత వాలు అని వరుసగా ఉంటుంది. అంటే కొన్ని చోట్లు, వాటిని కలిపే దారులు. వచన సాహసక్రీడకు వెన్నెముక కూడా సరిగా ఇటువంటి పట్టికయే. ఫలానా గదిలో ఉండి తూర్పునకు పోతే ఫలానా గది వస్తుందని అందులో వ్రాసి ఉంటుంది.

1970ల మధ్యలో ఆ దంపతులు విడిపోయినారు. క్రౌథర్‌కు గుహలకు పోవడం తగ్గినది. ఇద్దరు కుమార్తెలు దూరమైనారన్న బెంగ కూడా పట్టుకొన్నది. కంప్యూటరు తెలియనివారు కూడా భయపడకుండా ఆడగలిగేది, తన పిల్లలకు నచ్చేది ఒకటి తయారు చేయవలెనని అతడు తలచినాడు. మిత్రులతో కూర్చుండి పాచికలు వేస్తూ కథ నడిపే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట అతనికి పరిచయమే. దానిలోని సాహసాన్ని, తనకు తెలిసిన గుహను కలిపి 1975-76 సంవత్సరాలలో ఫోర్ట్రాన్ భాషలో ఒక ప్రోగ్రాము వ్రాసినాడు. దాని పేరు ‘అడ్వెంచర్’, అనగా సాహసం.

ఆటలో దారి చివర చిన్న ఇటుకల ఇల్లు ఉంటుంది. చుట్టూ అడవి, పక్కన సెలయేరు. ఏటి వెంట పోతే ఒక పల్లంలో ఇనుప జల్లెడ తలుపు కనిపిస్తుంది. దాని కింద గుహ. మామత్ గుహలకు చెందిన బెడ్‌క్విల్ట్ అనే భాగాన్ని క్రౌథర్ ఆధారంగా తీసుకొన్నాడు. వర్ణనలు పొట్టివి, అలంకారాలు లేనివి. గుహను కొలిచినవాడు చెప్పినట్లే పైకప్పు ఎంత ఎత్తు, దారి ఎటు వంగుతుంది, నేల ఎట్లా ఉన్నది అన్నంతవరకే చెబుతాయి. ఆ నిరాడంబరతవల్లనే వినేవారికి నమ్మకం కలుగుతుంది. ఆటను మాత్రమే ఆడి, అసలు గుహను ఎన్నడూ చూడనివారు అక్కడికి పోయినప్పుడు దారులు గుర్తుపట్టినారని గుహాన్వేషకులు చెప్పుకొంటారు.

ముప్పైఆరు బిట్లలో ఒక మాట

క్రౌథర్ ఉపయోగించిన యంత్రం పి.డి.పి.-10. దాని జ్ఞాపకశక్తిలో ఒక్కొక్క అరకు 36 బిట్లు. ఒక అక్షరాన్ని గుర్తించడానికి 7 బిట్లు కావలెను. ఒక అరలో అయిదు అక్షరాలు పడతాయి, ఒక బిట్టు మిగులుతుంది. అందుచేత ఆట ప్రతి మాటలోను మొదటి అయిదు అక్షరాలను మాత్రమే చూసేది. ఇంగ్లీషులో ‘నార్త్’ అనే మాటకు సరిగా అయిదు అక్షరాలు. ‘నార్త్‌ఈస్ట్’, ‘నార్త్‌వెస్ట్’ అని పూర్తిగా కొట్టినా యంత్రానికి అవన్నీ ఉత్తరమే! ఈశాన్యానికి, వాయవ్యానికి పొడి అక్షరాలు వాడవలసి వచ్చినది. ఫైలు పేర్లకు మాత్రం అక్షరానికి 6 బిట్లు చాలును కనుక ఆరు అక్షరాలు పట్టేవి. ఆ కారణంగా ఈ ఆట చాలా యంత్రాలలో ‘అడ్వెంట్’ అన్న తెగిన పేరుతోనే తిరిగినది.

ఆజ్ఞ కూడా ఒక మాట గాని, రెండు మాటలు గాని ఉండవలెను. “దీపం తీసుకో” అంటే యంత్రానికి అర్థమవుతుంది. “పంజరంలో పిట్టను జాగ్రత్తగా పెట్టు” అంటే కాదు. నిజానికి యంత్రానికి భాష రాదు. పట్టికలో ఉన్న మాటతో పోల్చి చూడడమే అది చేసే పని. అయినా మాట అన్నప్పుడు బదులు వచ్చేసరికి, ఎదుట ఎవరో ఉన్నట్లు ఆడేవారికి తోచినది. ఈ భ్రమయే ఆ వాతావరణానికి పునాది.

పిట్ట, కర్ర, పాము

ఈ ప్రోగ్రాము ప్రతి ఒకటి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థి కంటబడినది. దానిని పెంచవలెనని అతనికి కోరిక కలిగినది. కర్త ఎక్కడ ఉన్నాడో తెలియక, ఆర్పానెట్టులో ఉన్న ప్రతి కంప్యూటరుకు ‘క్రౌథర్’ అన్న పేరుమీద జాబు పంపినాడు. జవాబు వచ్చినది, అనుమతి దొరికినది. 1977లో వుడ్స్ పెంచిన ఆటలో 15 నిధులు, 350 మార్కులు ఉన్నవి. ప్రపంచమంతటా పాకినది ఆ రూపమే.

అందులోని చిక్కులను పరిశీలిస్తే మంచి చెడ్డలు రెండూ కనిపిస్తాయి. ఒక గదిలో చిన్న పిట్ట ఉన్నది. ఆడేవారివద్ద పంజరం ఉన్నా, పట్టబోతే పిట్ట బెదిరిపోతుంది. మొదట గదిలోకి వచ్చినప్పుడు అది భయపడలేదని, దగ్గరకు రాగానే కలవరపడినదని యంత్రం చెబుతుంది. అంటే దగ్గరకు తెచ్చిన వస్తువేదో దానిని బెదిరించినదన్న మాట. దారిలో దొరికిన నల్లని కర్ర చేతిలో ఉన్నది. దానిని కింద పెట్టి వస్తే పిట్ట సులభంగా చిక్కుతుంది. తరువాత ఆ పిట్టయే దారికి అడ్డమున్న పామును తరిమివేస్తుంది. ఒక్కొక్క వస్తువును విడిచి చూసి కారణాన్ని నిర్ణయించడం ప్రయోగశాలలో చేసే పనియే. ఓడినప్పుడు కూడా యంత్రం ఇచ్చిన బదులులో ఒక ఆధారం ఉన్నది.

అదే గుహలో ఒక తికమక దారి ఉన్నది. అందులోని గదులన్నింటికి ఒకే వర్ణన. తూర్పునకు పోయి పడమటకు తిరిగితే బయలుదేరిన గదికే వస్తామన్న నమ్మకం లేదు. దీనికి ఉపాయం ఏమి? ఒక్కొక్క గదిలో ఒక్కొక్క వస్తువును వదలిపెట్టడమే. ఒక గదిలో పంజరం, ఇంకొకదానిలో తాళపుచెవులు ఉంటే గదులకు పేర్లు పెట్టినట్లే. ఇక కాగితంమీద పట్టిక వ్రాసుకొని, ఏ గదినుంచి ఏ దిక్కు ఎక్కడికి పోతుందో నింపుకొనవచ్చును. బిందువులను గీతలతో కలిపి చూసే ఈ విద్యను గణితంలో గ్రాఫుల సిద్ధాంతం అంటారు. ఆ పేరు వినని ఎందరో విద్యార్థులు దానిని ఈ గుహలో స్వయంగా కనిపెట్టుకొన్నారు.

ఇక చెడ్డ ఉదాహరణ. అన్ని నిధులు చేర్చి, ఆట పూర్తిచేసినా 350కి 349 దగ్గర చాలామంది ఆగిపోయేవారు. ఆ చివరి మార్కు ఎక్కడ? గుహలో దొరికే ఒక పత్రికను ఒకానొక గదిలో వదిలితే వస్తుంది. ఎందుకు వదలవలెనో ఆటలో తగిన ఆధారం లేదు. ప్రోగ్రామును తెరచి చదివినవారికే అది దొరికినది. అవ్వ పొడుపు విని పిల్లలు “అన్యాయం” అన్న సందర్భం ఇదే.

చీకటికి కారణం

1977 వేసవిలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నలుగురు ‘జోర్క్’ అనే ఆట మొదలుపెట్టినారు. వారు టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్. వారి యంత్రం రెండు మాటలతో ఆగక పూర్తి వాక్యాలను విడదీసి అర్థం చేసుకొనేది.

జోర్క్‌లో జరిగిన ఒక సవరణ చెప్పుకోదగినది. అంతకు ముందటి ఆటలో దీపం లేక చీకటిలో నడిస్తే గోతిలో పడి చావవలెను. గుహలో అది సహజమే. జోర్క్ మొదటి రూపంలో కూడా ఆ పద్ధతియే ఉండెను. అయితే జోర్క్‌లో ఒక ఇల్లు ఉన్నది, దానికి చీకటిగా ఉండే అటక ఉన్నది. ఆ అటకమీద కూడా అడుగులేని గోతిలో పడి ఆడేవారు చనిపోయేవారు! ఇంటి అటకమీద అగాధం ఏమిటని ప్రశ్న వచ్చినది. అప్పుడు కర్తలు గోతులను తీసివేసి, వెలుగుకు భయపడి చీకటిలో పొంచి ఉండే ‘గ్రూ’ అనే జంతువును కల్పించినారు. గుహ అయినా, అటక అయినా చీకటి ఉన్నచోట అది ఉండవచ్చును.

నియమం మారలేదు. దీపం లేకపోతే అపాయం. మారినది కారణం మాత్రమే. కాని ఆ కారణం ఆ లోకానికి సరిపడినది కనుక నియమం నమ్మదగినదైనది. చిక్కుకు, వాతావరణానికి గల సంబంధాన్ని ఇంత చక్కగా చూపే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

లేని యంత్రం, దొరకని చేప

1979లో జోర్క్ కర్తలు కొందరు, వారి సహచరులు కలిసి ఇన్ఫోకామ్ అనే సంస్థను స్థాపించినారు. అప్పటికి ఇండ్లలోకి చిన్న కంప్యూటర్లు రావడం మొదలైనది. ఒక్కొక్క కంపెనీ యంత్రం ఒక్కొక్క తీరు. ప్రతి యంత్రానికి ఆటను మళ్లీ వ్రాయడం వ్యర్థశ్రమ. అందుచేత జోయల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ‘జడ్ యంత్రం’ అనే ఊహాయంత్రాన్ని రూపొందించినారు. ఆట ఆ ఊహాయంత్రానికే వ్రాస్తారు. ప్రతి నిజమైన యంత్రంమీద ఆ ఊహాయంత్రంలా నటించే చిన్న ప్రోగ్రామును నడిపితే చాలును. స్థలం ఆదా చేయడానికి అక్షరానికి 5 బిట్లు కేటాయించి, 16 బిట్ల మాటలో మూడేసి అక్షరాలు ఇమిడ్చినారు. మిగిలిన ఒక బిట్టు వాక్యం ముగిసినదని తెలిపే గుర్తు. జోర్క్ ఒక్క ఆటగా ఇమడక మూడు భాగాలైనది. మొదటిది 1980లో వెలువడినది.

ఈ సంస్థ ఆటలలో చిక్కు విషయంలో పేరుమోసినది 1984లో రచయిత డగ్లస్ ఆడమ్స్, స్టీవ్ మెరెట్జ్‌కీ కలిసి ఆడమ్స్ హాస్యకథనుంచి తయారు చేసిన ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’. అందులో చెవిలో పెట్టుకొంటే ఏ భాష అయినా అర్థమయ్యే చేప ఒకటి ఉన్నది. దానిని ఇచ్చే యంత్రం మీట నొక్కితే చేప ఎగిరి ఎదుటి గోడలోని కంతలో పడిపోతుంది. కంతకు అడ్డంగా అంగీ తగిలిస్తే, చేప అంగీమీదినుంచి జారి నేలమీది తూములో పడుతుంది. తూముమీద తువాలు కప్పితే, శుభ్రం చేసే యంత్రం గోడలోనుంచి వచ్చి చేపను ఎత్తుకొనిపోతుంది. దాని తలుపుకు సంచి అడ్డం పెడితే, చేప సంచికి తగిలి పైకి ఎగురుతుంది. గాలిలో శుభ్రం చేసే మరొక యంత్రం దానిని పట్టుకొంటుంది. సంచిమీద పనికిరాని ఉత్తరాల కట్ట పెడితే, ఆ యంత్రం చెదిరిన కాగితాలను ఏరుకొనడంలో మునిగిపోతుంది. చేప చెవిలో పడుతుంది.

ఈ చిక్కులో ప్రతి ఓటమి తరువాతి అడుగును చూపుతుంది. ఆడేవారు నవ్వుకొంటూ ఓడిపోతారు, ఓడిపోతూ నేర్చుకొంటారు. ఇంతవరకు బాగున్నది. కాని యంత్రంలో చేపలు కొన్నే ఉన్నవి. పైగా ఆ ఉత్తరాల కట్ట ఆట ఆరంభంలో, భూమి నాశనం కావడానికి ముందు, ఇంటివద్ద తీసుకొనవలసినది. అప్పుడు మరచినవారికి ఇప్పుడు వేరే దారి లేదు. ఆ సంగతి వారికి చెప్పేవారు కూడా లేరు. ఒకే చిక్కులో మంచి పరీక్ష, మాటుగా వేసిన ఉచ్చు రెండూ ఉన్నవి. దీనిని సాధించినవారు గర్వంగా తొడుక్కొనడానికి ఇన్ఫోకామ్ ప్రత్యేకంగా బనియన్లు కూడా అమ్మినది!

నీడ తెరచే తలుపులు

చిక్కు నవ్వించడానికే కాదు, ఆలోచింపజేయడానికి కూడా పనికివస్తుందని 1986లో బ్రయన్ మోరియార్టీ వ్రాసిన ‘ట్రినిటీ’ నిరూపించినది. 1945 జూలై 16న అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో జరిగిన మొదటి అణ్వస్త్ర పరీక్షకు పెట్టిన పేరు ట్రినిటీ. ఆట లండన్‌లోని కెన్సింగ్టన్ ఉద్యానవనంలో, అణుయుద్ధం ఆరంభమయ్యే రోజున మొదలవుతుంది. అక్కడినుంచి ఆడేవారు ఒక వింతలోకం చేరుతారు. అక్కడ బ్రహ్మాండమైన నీడగడియారం, అక్కడక్కడ తలుపులున్న పెద్ద కుక్కగొడుగులు ఉన్నవి. నీడ దేనిమీద పడితే దాని తలుపు తెరుచుకొంటుంది. ఒక్కొక్క తలుపు చరిత్రలోని ఒక్కొక్క అణు విస్ఫోటనానికి కొద్ది క్షణాల ముందటి కాలంలోకి దారితీస్తుంది. వాటిలో 1945 ఆగస్టు 9నాటి నాగసాకి ఒకటి.

కుక్కగొడుగు ఆకారం అణుమేఘాన్ని తలపిస్తుంది. నీడ కదలడం కాలం కదలడమే. తలుపు ఎట్లా తెరవవలెనన్న చిక్కు విప్పినవారికి ఆట చెప్పదలచిన విషయం కూడా చేతికి వస్తుంది. మొదటి గుహలో చిక్కు ఆ చోటునుంచి పుట్టినది. ఇక్కడ అది అర్థంనుంచి పుట్టినది.

ఆడేవారి హక్కులు

బొమ్మల ఆటలు పెరిగేకొద్దీ వచనక్రీడలకు గిరాకీ తగ్గినది. వ్యాపార అవసరాలకై ఇన్ఫోకామ్ తయారు చేసిన మరొక ప్రోగ్రాము నష్టం తెచ్చినది. 1986లో ఆక్టివిజన్ కంపెనీ ఆ సంస్థను కొన్నది, 1989లో మూసివేసినది. కాని జడ్ యంత్రం ఊహాయంత్రం కనుక దానికి తుప్పు పట్టలేదు. అభిమానులు దాని నిర్మాణాన్ని ఆటల ఫైళ్లనుంచే పరిశీలించి తెలుసుకొన్నారు. 1993లో ఇంగ్లండులో గ్రాహం నెల్సన్ అనే గణితవేత్త ఆ యంత్రానికి కొత్త ఆటలు వ్రాసే ‘ఇన్‌ఫార్మ్’ అనే సాధనాన్ని, దానితో వ్రాసిన ‘కర్సెస్’ అనే ఆటను వెలువరించినాడు.

సాహసక్రీడ అంటే కథకు, పదబంధ ప్రహేళికకు మధ్య పోరాటమని నెల్సన్ అభిప్రాయం. 1995నాటి తన వ్యాసాలలో అతడు ఆడేవారికి ఉండవలసిన హక్కులను వరుసగా వ్రాసినాడు. హెచ్చరిక లేకుండా చంపరాదు. ఒకసారి చచ్చి తెలుసుకొంటే తప్ప తెలియని సంగతిని అడగరాదు. గెలిచే దారి మూసుకొనిపోతే ఆ సంగతి తెలియకుండా ఉంచరాదు. సరియైన ఆలోచన తట్టినవారిని, ఫలానా మాటే కొట్టలేదని ఓడించరాదు. వీటి సారాంశం ఇదే. చివరి మార్కును పత్రికలో దాచిన ఆటకు, ఉత్తరాల కట్టను వెనుక వదలివేయించిన ఆటకు ఇవి జవాబులు.

1998లో ఆడమ్ కేడర్ వ్రాసిన ‘ఫోటోపియా’లో చిక్కులు దాదాపు లేవు. అందులో ఒక చోట స్ఫటికపు తికమక దారి వస్తుంది. పాతకాలపు ఆటగాళ్లు వెంటనే కాగితం, పెన్సిలు తీస్తారు. పటం ఎంత గీసినా లాభం లేదు. తొడుక్కొన్న అంతరిక్ష కవచం విడిచివేస్తే తనకు రెక్కలున్నవని తెలుస్తుంది. గోడల మీదుగా ఎగిరిపోవడమే ఉపాయం. ఇరవై సంవత్సరాల అలవాటును ఒక్క క్షణంలో విడిపించిన ఆ చిక్కు గుండెకు కూడా తగులుతుంది.

క్రౌథర్ వ్రాసిన మొదటి ప్రోగ్రాము చాలాకాలం పోయినదనే అనుకొన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ విద్యార్థిగా ఉన్ననాటి ఫైళ్లకు తీసి ఉంచిన నకళ్లలో 2005లో అది దొరికినది. పరిశోధకుడు డెన్నిస్ జెర్జ్ ఆ ప్రతిని పరిశీలించి, కెంటకీకి పోయి గుహలో దిగి, ఆటలోని చోట్లను అసలు చోట్లతో పోల్చి 2007లో ప్రకటించినాడు. జల్లెడ తలుపునుంచి మొదలుపెట్టి ఎన్నో చోట్లు నిజమైన గుహకు సరిపోయినవి. పిల్లలకు దూరమైన తండ్రి తాను నడిచిన దారులను వారికోసం నిజాయితీగా మాటలలో పెట్టినాడని తేలినది.

ఈ క్రీడను తరగతిలో ఆడించడానికి కంప్యూటరు అవసరం లేదు. పాఠశాలలోని పది చోట్లను తీసుకొని ఏ దిక్కున ఏది ఉన్నదో పట్టిక వ్రాయవలెను. ఒక్కొక్క చోటుకు రెండేసి వాక్యాల వర్ణన, మధ్యలో ఒక చిక్కు. ఒక విద్యార్థి యంత్రంగా నటిస్తూ పట్టికలో ఉన్నదే చెప్పవలెను. మరొకడు ఆజ్ఞలు ఇవ్వవలెను. ఆట ముగిసి జవాబు బయటపడినప్పుడు ఓడిన విద్యార్థి ఏమంటాడో వినవలెను. “నాకెందుకు తట్టలేదు?” అంటే చిక్కు నిలుస్తుంది. “ఇట్లా అయితే ఎవరికి తెలుస్తుంది?” అంటే కట్టినవాడు పట్టికవద్దకు మళ్లీ పోవలెను.